బర్రె, మేకపిల్ల

కాక దినాలు అయిన మర్నాడు చిన్నమ్మ రెండు కెమెరాలు తెచ్చి మంచం మీద పక్కపక్కన పెట్టింది. ఒకటి పెద్దది, నల్లది, ముందరి గాజు పగిలి సాలెగూడు కట్టినట్టున్నది. దానికి మెడలో వేసుకునే తోలు పట్టీ ఉంది. రెండోది చొక్కా జేబులో పట్టేంత చిన్నది. మూలల దగ్గర వెండి రంగు అరిగి లోపలి నలుపు కనిపిస్తోంది.

"రెండిట్ల ఏదన్నొకటి తీస్కపో కొడుకా. ఇంకోటి బిడ్డ అడుగుతున్నది. ముందుగాల నువ్వే తీసుకోవాలెనని మీ కాక చెప్పి పోయిండు" అంది.

ఆమె కూతురు సిరిసిల్ల నుంచి వచ్చి పదిహేను రోజులుగా ఇక్కడే ఉంది. తలుపుకు ఆనుకుని నిలబడి, నేను దేని మీద చెయ్యి వేస్తానా అని చూస్తోంది.

నా చెయ్యి లేవలేదు. ఆ రెండిటిలో ఒకటి ఎంచుకోవడం నాకు రెండోసారి. మొదటిసారి నేను ఎంచుకున్నందుకు ఒక మనిషికి కుడిచెయ్యి పోయింది.

కాక పేరు రాయను. కోరుట్లలో పేరు రాస్తే పోల్చుకునేవాళ్లు వందలమంది. వాళ్లందరి ముందు నిలబడి క్షమించమని అడిగినట్టు ఉంటుంది. అడగవలసిన మనిషి పోయాడు. ఆయన మాకు చుట్టం కూడా కాదు. పని నేర్పాడు కాబట్టి కాక అన్నాను, ఆయన భార్యను చిన్నమ్మ అన్నాను.

బస్టాండుకు దగ్గర్లో ఒక గది, దాని వెనక ఇంకో చీకటి గది. అదే ఆయన ఫొటో స్టూడియో. నేను జగిత్యాల నుంచి రోజూ బస్సులో వెళ్లి అక్కడ పని నేర్చుకున్నాను. ఫొటోకని ఎవరొచ్చినా ఆయన మొదట అడిగేది ఒకటే. "అన్నం తిన్నవా?" తినలేదంటే తీసేవాడు కాదు. "ఆకలి మొకం మీద ముందుగాల పడ్తది. పో, చాయన్న తాగి రా" అని పంపేవాడు. పరీక్ష ఫారాలకు ఆఖరి రోజు ఉరుకుతూ వచ్చిన పిల్లల్ని కూడా అట్లాగే పంపేవాడు. వాళ్లు తిట్టుకుంటూ వెళ్లి, మూతి తుడుచుకుంటూ తిరిగొచ్చేవాళ్లు.

రెడీ అనడం, ఒకటి రెండు మూడు అనడం ఆయనకు లేదు. ఎదుటి మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, కెమెరా వెనక తల దాచి, ఏదో మరిచిపోయి అడిగినట్టు అడిగేవాడు. "అవునూ, మీ అవ్వ పేరేంది?" ఆ మనిషి నోరు తెరిచి తల్లి పేరు చెప్పేలోపు మీట నొక్కేవాడు. ఎంత పెద్ద ఆఫీసరైనా, ఎంత కరకు దొరైనా తల్లి పేరు చెప్పేటప్పుడు ముఖం ఒకేలా మెత్తబడుతుందని ఆయన నమ్మకం. ఆయన తీసిన ఫొటోల్లో ఊరందరూ కొంచెం నోరు తెరిచే ఉంటారు.

ఇంకో అలవాటు ఉండేది. పాత కెమెరాలు బాగుచేసి కొత్తగా పని మొదలుపెట్టే వాళ్లకు ఇచ్చేవాడు. ఎవరు తీసుకున్నా, ఆ మనిషి ఫొటో తీయనిదే గడప దాటనిచ్చేవాడు కాదు. "ఎవని చేతుల పెట్టిన్నో నాకు గుర్తుండాలె గద" అనేవాడు.

తెలంగాణ ఉద్యమం రోడ్ల మీదికి వచ్చినప్పుడు మేమిద్దరం పత్రికల జిల్లా పేజీలకు ఫొటోలు పంపేవాళ్లం. మా దగ్గర ఉన్నవి ఈ రెండే. పెద్దది ఆయన హైదరాబాదులో ఎవరో వాడి అమ్మింది కొన్నాడు. అప్పటికే పాతది, ఇటుక లాగా బరువు. దాన్ని బర్రె అనేవాడు. దానితో వచ్చిన పట్టీ చీకిపోతే, వాళ్ల నాయన కల్లు గీయడానికి తాళ్లెక్కేటప్పుడు నడుముకు కట్టుకున్న తోలు పట్టీని కోయించి, మూడు వరుసల దారంతో కుట్టించి దానికి తగిలించాడు. "మా నాయిన ముప్పై ఏండ్లు దీని మీద పానం పెట్టి ఎక్కిండు. ఒక్కనాడు తెగలే" అని చూపించేవాడు. చిన్నది మేకపిల్ల. దాని మీద ఆయనకు ఒకటే ఫిర్యాదు. "మనం ఒత్తినంక గది ఆలోచన చేస్తది. తియ్యాల్నా, వద్దా అని. గంతల పెండ్లే అయిపోతది."

ఏ కెమెరా ఎప్పుడు పట్టాలో ఆయనకు తెలిసింది సిరిసిల్లలో.

ఆ రోజు బంద్. మరమగ్గాలన్నీ ఆగిపోయి ఊరు చెవులు మూసుకున్నట్టుంది. రోడ్డు మీద టైర్లు కాలుతున్నాయి. పాతికమంది పిల్లలు పొగకు దూరంగా కూర్చుని ముచ్చట్లు పెట్టుకుంటున్నారు. పొద్దున ఆపేసిన ఒక బస్సు పక్కన నిలబడి ఉంది. కాక బర్రెను ఎత్తాడు. అంతే. కూర్చున్న వాళ్లలో ఒకడు లేచి ముఖానికి దస్తీ కట్టుకున్నాడు. "అన్నా, గిటు చూడు. మంచిగ తియ్యి!" అంటూ రాయి తీసుకుని బస్సు మీదికి విసిరాడు. వాడి వెనక ఇంకొకడు. వాడి వెనక పదిమంది. అద్దం పగిలి లోపల కూర్చున్న కండక్టరు తల చీలింది. ఆయన రెండు చేతులతో తల పట్టుకుని మెట్లు దిగి వచ్చాడు. రక్తం చెంప మీదుగా కారి టికెట్ల సంచిలోకి పడుతోంది. కాక తన తువ్వాల చింపి కట్టు కడుతుంటే, ఆ దస్తీ పిల్లవాడు వచ్చి భుజం మీద తట్టాడు.

"అన్నా, నేను రాయేసుడు ఫొటోల పడ్డదా?"

"పడలే" అన్నాడు కాక.

"అరె! ఇంకోపారి ఏయాల్నా మరి?"

కాక లేచి వాడి చెంప మీద కొట్టాడు. ఆయన మనిషి మీద చెయ్యి చేసుకోవడం నేను చూసింది అదొక్కసారే. పిల్లలు మీదికొచ్చి, ఎవడివిరా నువ్వు, ఏ పార్టీవని గుంజారు. చొక్కా చినిగింది. నేను అడ్డం పడి బండి ఎక్కించుకుని వచ్చాను. దారిలో వెనక నుంచి అన్నాడు. "వాడు నాకోసమే ఏసిండురా."

"ఉద్యమం గద కాకా. కోపం ఉంటది."

"ఉద్యమం అందరిదిరా. గా రాయి మాత్రం నాది."

అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టాడు. జనం మీదికి మేకపిల్ల, పోలీసుల మీదికి బర్రె. జనంలో చిన్నది పట్టుకుంటే ఎవరూ చూడరు, ఎవరూ వేషం వేయరు. పోలీసులు లాఠీలతో ముందుకు కదిలినప్పుడు మాత్రం పెద్దది పట్టినవాడు అందరికంటే ముందుకు పోయి నిలబడాలి. "లాఠీ ఎత్తినోనికి ఎవడో చూస్తున్నడని ఎర్క కావాలె. పెద్దది కనబడ్తె చెయ్యి ఒక్క గడియ ఆగుతది. గా గడియల ఒకడు ఉరికి బతుకుతడు" అనేవాడు. బర్రె పట్టినవాడు ముందు, మేకపిల్ల పట్టినవాడు వెనక. ఒక రోజు ఆయన, ఒక రోజు నేను. పొద్దున చాయ్ హోటల్లో బల్ల మీద రెండూ పెట్టి, "ఇయ్యాల బర్రె నీది" అనో, "ఇయ్యాల నాది" అనో జరిపేవాడు. నా వంతు వచ్చిన రోజుల్లో నేను ముందు నిలబడ్డాను. ఆ మాటకు అబద్ధం లేదు. నా ముందు లాఠీలు ఆగడం కూడా చూశాను.

ఉద్యమం సమ్మెగా ముదిరిన తర్వాత లాఠీలు ఆగడం మానేశాయి. పెద్ద కెమెరాలను చూస్తే పోలీసులకు మండేది.

జగిత్యాలలో చౌరస్తాలో వంటావార్పు పెట్టుకున్న రోజు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకుని, అక్కడే బంతి సాగించి తినాలి. ముందు రోజు సాయంత్రం పాన్ డబ్బా దగ్గర నాకు తెలిసిన హోంగార్డు ఒకడు చెవిలో చెప్పాడు. "రేపు దూరముండు భాయ్. బయటి నుంచి ఫోర్సు అస్తున్నది. ముందుగాల కెమెరాలే అంటున్నరు."

మర్నాడు బర్రె వంతు నాది.

ఈ సంగతి కాకకు చెబితే ఆయన ఇంట్లో కూర్చునేవాడు కాదు. నా వంతు బర్రెను తీసి తన మెడలో వేసుకునేవాడు. అది నాకు బాగా తెలుసు. ఎట్లాగూ ఆయనే వేసుకునేవాడు కదా అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. కానీ అప్పుడు తెలిసి వేసుకునేవాడు. నేను తెలియకుండా వేయించాను.

పొద్దున హోటల్లో ఆయన బర్రెను నా వైపు జరపగానే కుడి భుజం పట్టుకున్నాను. "కాకా, రాత్రి నుంచి గుంజుతున్నది. ఇయ్యాలటికి పెద్దది నువ్వే పట్టు."

"ఎట్ల గుంజుతున్నది? చూపెట్టు."

"మెడ కాడి నుంచి."

ఆయన వద్దన్నా వినకుండా హోటలు పక్క మందుల దుకాణంలో బామ్ డబ్బీ కొన్నాడు. నా చొక్కా రెండు గుండీలు విప్పించి అందరి ముందూ భుజానికి రాశాడు. కుడిచేత్తోనే. బొటనవేలుతో మెడ నరం వెంబడి గట్టిగా నొక్కుతూ, "గిక్కడనా? గిక్కడనా?" అని అడుగుతున్నాడు. "ఆ, గక్కడనే" అంటున్నాను. హోటలాయన నవ్వాడు. "కాకా, నాకు నడుము నొస్తున్నది, రాస్తవా?" "నీకు గడ్డపారతోని రాస్త, ఆగు" అన్నాడు కాక. తర్వాత చెయ్యి తువ్వాలకు తుడుచుకుని బర్రెను మెడలో వేసుకున్నాడు.

మధ్యాహ్నానికి పది పొయ్యిలు వెలిగాయి. అన్నం ఉడుకుతున్న వాసన, డప్పులు, పాటలు. పోలీసులు ఏ హెచ్చరికా చేయలేదు. ఒక్కసారి గుంపుగా వచ్చి పడ్డారు. ముందు గంజి పొంగుతున్న గుండిగను తన్నారు. ఒకామె కాళ్ల మీద గంజి పడి, ఆమె అరుపు డప్పుల్ని మించింది. కాక రెండు చేతులతో బర్రెను ఎత్తి పట్టుకుని నేరుగా వాళ్లకు ఎదురెళ్లాడు. ఆ గంజి పడిన ఆమెకూ లాఠీలకూ మధ్య నిలబడ్డాడు. మొదటి దెబ్బ గాజు మీదే పడింది. ఒకడు కెమెరా పట్టుకుని గుంజాడు. పట్టీ తెగలేదు. వేరే పట్టీ ఏదైనా తెగిపోయేది, కెమెరా వాడి చేతికి పోయేది, కాక బతికిపోయేవాడు. ఇది వాళ్ల నాయన బరువు మోసిన తోలు. మెడకు ఉరిపడి మనిషి బోర్లా పడ్డాడు. కెమెరాతో పాటు రోడ్డు మీద ఈడ్చారు. కుడిచెయ్యి ఇంకా మీట మీదే ఉంది. వదిలెయ్ కాకా అని అరవాలనుకున్నాను. అరవలేదు. అరిస్తే నేనెక్కడున్నానో వాళ్లకు తెలుస్తుంది.

నేను మూసిన పాన్ డబ్బా వెనక ఉన్నాను. చేతిలో మేకపిల్ల. లాఠీ లేచినప్పుడు నొక్కాను. అది ఆలోచన చేసింది. అది తీసేసరికి లాఠీ దిగిపోయింది, కాక కుడిచేతి మీద ఒక బూటు పూర్తిగా ఎక్కి ఉంది. ఫొటోలో పడింది అదే. వేళ్లు బూటు పక్క నుంచి బయటికి తెరుచుకుని ఉంటాయి. వెనక ఒలికిన అన్నం. అది నేను చూసి తీసింది కాదు.

పోలీసులు ఇంకో వైపు ఉరికిన తర్వాత బయటికొచ్చాను. బండ్లు లేవు, ఆటోలు లేవు. కాకను కుడి భుజం మీద వేసుకుని సందుల్లోంచి దవాఖాన దాకా మోశాను. ఆయన తల నా వీపు మీద వేలాడుతోంది. రక్తం నడుము దాకా తడిసింది. నేను ఏడుస్తూ నడుస్తున్నాను. ఆ ఏడుపు మాత్రం నిజమే. సగం దారిలో వెనక నుంచి సన్నగా అడిగాడు.

"భుజం నొస్తలేదారా?"

"నొస్తలేదు కాకా. నువ్వు ఊకో."

అంత దెబ్బలో కూడా నా గురించే అడిగాడనుకుని ఇంకా ఏడ్చాను.

కుడిచేతి మూడు వేళ్లు మళ్లీ చాపలేకపోయాడు. బర్రెను స్టూడియోలో మేకుకు తగిలించాడు. కెమెరా మీటలన్నీ కుడిచేతి వాటానికే ఉంటాయి కదా. మేకపిల్లను తలకిందులుగా ఎడమచేతిలో పట్టుకుని నొక్కడం నేర్చుకున్నాడు. ఫొటోకొచ్చిన వాళ్లు నవ్వేవాళ్లు. "నవ్వురి. కెమెరా బోర్ల వడ్డా మీరు సక్కగనే పడ్తరు" అనేవాడు. కూతురు పెళ్లి కాకముందు ఆయన దగ్గరే నేర్చుకుంది. ఆమె చేతులు బాగానే ఉన్నా, నేర్పినవాడు పట్టినట్టే పట్టేది.

నా ఫొటో చాలా చోట్ల అచ్చయింది. రాష్ట్రం వచ్చాక ఒక సభలో నాకు శాలువా కప్పారు. కాక ముందు వరుసలో కూర్చున్నాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆయన ఎడమచేత్తో మోకాలి మీద కొట్టుకుంటున్నాడు. నేను మైకు ముందు నిలబడి, ఆ రోజు ప్రాణాలకు తెగించి తీశానని చెప్పాను.

ఆ తర్వాత కొన్నేళ్లకు పింఛను కాగితాలకు ఫొటో కావాలని ఒకాయన స్టూడియోకు వచ్చాడు. మామూలు బట్టలు, నెరిసిన మీసం. నేనప్పుడు అక్కడే ఉన్నాను. ఆ ముఖం నా ఫొటోలో బూటుకు పైన ఉంటుంది. వేలసార్లు చూసుకున్న ముఖం.

"అన్నం తిన్నరా సారూ?" అన్నాడు కాక.

"తిన్నా. నీ చేతికేమైంది?"

"తాడెక్కి పడ్డ సారూ. మావోళ్లది గదే పని గద." కెమెరాను తలకిందులు చేశాడు. "అవునూ, మీ అమ్మగారి పేరేంది?"

ఆయన తల్లి పేరు చెప్పాడు. ముఖం మెత్తబడింది. టక్.

ఆయన మెట్లు దిగగానే నేను కాక దగ్గరికి ఉరికాను. "వాడే కాకా! గదే మొకం!"

"ఎర్కే."

"మరి కూసోబెట్టి ఫొటో తీస్తవా? మీసం వట్టి గుంజకపోయినవా?"

"చెయ్యికేమైందని అడిగిండు గద. అడిగినంక తానే చెప్తడేమోనని చూసిన. చెప్పలే. చెప్పనోన్ని నేనేమడుగుతరా?" అని నా వైపు చూశాడు. నేను ఆవేశంలో పోలీసులను తిడుతూ ఉన్నాను. ఆ చూపు నాకు ఇప్పుడు గుర్తొస్తోంది.

ఆఖరి నెల మంచంలో ఉన్నప్పుడు రోజు విడిచి రోజు వెళ్లాను. ఇవాళ చెప్పాలనుకుని వెళ్లడం, కాళ్లు పిసికి తిరిగి రావడం.

ఆ మంచం మీదే ఇప్పుడు రెండు కెమెరాలు ఉన్నాయి. చిన్నమ్మ ఎదురుగా కింద కూర్చుంది. నేను కూడా కింద కూర్చున్నాను.

"చిన్నమ్మా, ఆ దినం బర్రె వంతు నాది. కెమెరాలను కొడ్తరని నాకు ముందే ఎర్క. భుజం నొస్తున్నదని అబద్ధమాడి కాక మెడల ఏసిన."

చిన్నమ్మ తల ఊపింది, ఎవరో ధర చెబితే ఊపినట్టు. "ఎర్కే కొడుకా."

"ఎర్కనా?"

"దవఖాన్ల కట్టు కట్టిన నాడే చెప్పిండు. 'పోరనికి భుజం నొస్తలేదటనే' అన్నడు. నాకు సమజ్ గాలే. 'బామ్ రాసిన్నంటివి గద, తగ్గిందేమో' అన్న. మస్తు నవ్విండు. నవ్వుకుంటనే ఏడ్సిండు."

నాతో మోయించుకుంటూ అడిగిన మాట అది. నేను నా నోటితోనే చెప్పాను, నొస్తలేదని.

"మరి నన్నెందుకు అడగలే చిన్నమ్మా? గిన్నేండ్లు?"

"నువ్వు చెప్తవని చూసిండు. నువ్వచ్చిన ప్రతిసారి నన్ను లోపలికి తోలేటోడు. 'వాడేదో చెప్పేటట్టున్నడే, నువ్వు చాయ్ పెట్టుకపో' అని. నేను చాయ్ తెచ్చేసరికి మీరిద్దరు ఊకనే కూసోని ఉంటుంటిరి."

తలుపు దగ్గర కూతురి గొంతు లేచింది. "అమ్మా, నాకెందుకు చెప్పలే?"

"చెప్తె వీన్ని గీ ఇంట్లకు రానిస్తువా?"

"రానియ్యకపోదును! కాళ్లిరగ్గొడుదును!"

"గందుకే చెప్పలే."

ఆమె నా ముందుకొచ్చి నిలబడింది. "ఎన్ని దసరాలకు మా ఇంట్ల కూసోని తిన్నవన్నా. మా బాపు నువ్వు తిన్న ఎంగిలి తలె కడుగుమంటె కడిగిన." కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. కొట్టలేదు.

నేను లేచి పెద్దదాన్ని తీసుకున్నాను. మెడలో వేసుకున్నాను. తోలు చెక్కలా బిగుసుకుపోయి మెడకు గీరుకుంది. గడప వైపు రెండడుగులు వేశాను.

"ఆగు" అంది ఆమె. మంచం మీది మేకపిల్లను అందుకుంది. "మా బాపు చేతిది తీస్కపోయినోన్ని ఫొటో తియ్యకుంట పంపలే. అన్నం తిన్నవా?"

"తినలే."

చిన్నమ్మ లోపలికి వెళ్లి కంచంలో అన్నం, పప్పు పెట్టి తెచ్చింది. మెడలో ఆ బరువుతోనే కూర్చుని తిన్నాను. వాళ్లిద్దరూ చూస్తూ ఉన్నారు. కంచం నేనే కడిగి పెట్టాను.

గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆమె కెమెరాను తలకిందులు చేసి ఎడమచేతిలో పట్టుకుంది. ఆ కళ్లలో దయ లేదు. గొంతు మాత్రం అచ్చం ఆయనదే.

"మీ అవ్వ పేరేంది?"

నోరు తెరిచాను. ఆమె చెయ్యి దించకుండా ఆగింది. చివరికి చెప్పాను. ఆమె నొక్కింది. అది ఎప్పటిలాగే కాసేపు ఆలోచన చేసి, తర్వాత తీసింది.

ఫొటో ఎట్లా పడిందో ఆమె చూసుకుంది. నాకు చూపించలేదు.